బొటాక్స్ తరువాత కనుబొమలు ఎగుడుదిగుడైతే ఎలా సరిచేయించుకోవాలి

నుదుటి ముడతలకు బొటాక్స్ ఇంజెక్షన్ చేయించుకున్న వారం పది రోజులకు ఒక కనుబొమ పైకి లేచిందని, లేదా ఒకటి కిందికి జారిందని, ఇప్పుడు ఏం చేయాలో చెప్పమని విశాఖపట్నం పాఠకులు పదేపదే అడుగుతున్నారు. పెళ్లిళ్ల కాలంలో ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వస్తుంది, ఎందుకంటే ముహూర్తం దగ్గరపడ్డాక హడావిడిగా ఇంజెక్షన్ చేయించుకున్నవారికి సరిదిద్దుకునే వ్యవధి మిగలదు. ముందుగా జవాబు చెబుతాను: ఈ తేడా చాలా సందర్భాల్లో సరిదిద్దదగినదే, కానీ దాన్ని 2 వారాలు నిండాక, చేయి తిరిగిన డాక్టరు, అతి తక్కువ మోతాదుతో సరిదిద్దాలి. ఇంకొక మాట కూడా ఇప్పుడే చెప్పాలి. పైకి లేచిన కనుబొమను దించడం సులభం, కిందికి జారిన కనుబొమను ఎత్తడం కష్టం. ఈ వ్యాసంలోని సూచనలన్నీ ఈ ఒక్క విషయాన్ని ఆధారం చేసుకున్నవే కనుక దీన్ని మనసులో పెట్టుకొని మిగిలినది చదవండి.

ఇంట్లో మీరు చేయగలిగినది గమనించడం, కొలవడం, నమోదు చేసుకోవడం, డాక్టరుకు స్పష్టంగా చెప్పడం మాత్రమే. సూది పట్టుకునే పని మీది కాదు, పార్లరువారిది కూడా కాదు.

ముందుగా ఒక హెచ్చరిక

కనుబొమల తేడాతో పాటు మింగడం కష్టమవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి ఆడకపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, ఒళ్లంతా నీరసించి కండరాలు పట్టు తప్పడం వంటివి ఏవైనా కనిపిస్తే ఈ వ్యాసం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. మందు ప్రభావం ఇంజెక్షన్ చేసిన చోటు దాటి వ్యాపించినప్పుడు ఇలాంటి లక్షణాలు వస్తాయి. అవి కొన్ని గంటల తరువాతైనా, కొన్ని వారాల తరువాతైనా మొదలు కావచ్చు. అలాగే మూతి ఒక పక్కకు లాగినా, ఒక చేయి లేదా కాలు ఉన్నట్టుండి బలహీనపడినా అది బొటాక్స్ వల్లేనని సరిపెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి, ఎందుకంటే అవి పక్షవాతపు లక్షణాలు.

తేడా ఎందుకు వస్తుంది

కనుబొమను పైకి ఎత్తేది నుదుటి కండరం ఒక్కటే. కిందికి లాగేవి మాత్రం చాలా ఉన్నాయి: ముక్కు మొదలు మీద, రెండు కనుబొమల మధ్య ఉండే బొమముడి కండరాలు, కంటి చుట్టూ వలయంలా ఉండే కండరం. బొటాక్స్ మందు నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపి, ఆ కండరాన్ని కొంతకాలం సడలిస్తుంది. ఎత్తే కండరం ఎక్కడ సడలితే అక్కడ కనుబొమ దిగుతుంది, దించే కండరం ఎక్కడ సడలితే అక్కడ కనుబొమ లేస్తుంది. నుదుటి మధ్యభాగం సడలి, చివరలు పనిచేస్తూ ఉండిపోతే కనుబొమ తోక భాగం, అంటే చెవి వైపు చివర, బాణంలా పైకి లేస్తుంది. రెండు వైపులా మోతాదు సమానంగా పడకపోయినా, సమానంగా పడినా మీ కండరాల బలం రెండు వైపులా ఒకేలా లేకపోయినా తేడా కనిపిస్తుంది. ఇంతకు మించి సిద్ధాంతం ఇక్కడ అవసరం లేదు.

కావలసినవి

వెనుక కెమెరా బాగా పనిచేసే ఫోను, దాన్ని పట్టుకోవడానికి ఇంట్లో ఒకరు, కిటికీ వెలుతురు సూటిగా పడే గోడ, మిల్లీమీటర్ల గీతలున్న ప్లాస్టిక్ స్కేలు, ఒక నోటు పుస్తకం. వీటితో పాటు ఇంజెక్షన్‌కు ముందు తీసిన మీ ఫొటోలు రెండు మూడు వెతికి పెట్టుకోండి. నవ్వుతున్న పెళ్లి ఫొటోల కంటే పాస్‌పోర్టు కోసమో, ఉద్యోగ దరఖాస్తు కోసమో తీసిన నిటారు ఫొటోలు ఎక్కువ పనికొస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది మీ చికిత్స వివరాల కాగితం. ఏ తేదీన, ఏ బ్రాండు మందు, ఏ చోట ఎన్ని యూనిట్లు వేశారో, సీసా మీది బ్యాచ్ నంబరు ఏదో అందులో ఉండాలి. మీ దగ్గర అది లేకపోతే క్లినిక్‌ను అడగండి. అడగడం మర్యాద తక్కువ పని కాదు, అది మీ హక్కు. బ్రాండు పేరు ఎందుకంటే, బొటాక్స్ యూనిట్లు, అలాంటిదే మరో బ్రాండు మందు డిస్పోర్ట్ యూనిట్లు ఒకటి కావు. ఒక మందులోని యూనిట్ల సంఖ్యను మరొక మందుకు అలాగే వాడితే మోతాదు తప్పుతుంది. ఆ కాగితం లేకుండా మరొక డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన ఊహించి వేయవలసి వస్తుంది.

1. తేదీ లెక్క వేయండి

ఇంజెక్షన్ ప్రభావం చాలామందిలో 2 నుంచి 5 రోజుల మధ్య మొదలై, 2 వారాల నాటికి దాదాపు పూర్తిగా కనిపిస్తుంది. ఈ మధ్యకాలంలో రెండు వైపులా ఒకే వేగంతో పనిచేయకపోవచ్చు, అందుకే 4వ రోజునో 6వ రోజునో కనిపించిన తేడా 12వ రోజుకు తనంతట తానే సర్దుకుపోవడం మామూలే. 14 రోజులు నిండేదాకా సరిదిద్దే ఇంజెక్షన్‌కు ఒప్పుకోవద్దు. ఇంకా పూర్తిగా పనిచేయని వైపుకు మళ్లీ మందు వేస్తే, మొదటి మోతాదు, రెండో మోతాదు కలిసి ఆ వైపు కనుబొమను దించేస్తాయి. అప్పుడు సులభమైన సమస్య కాస్తా కష్టమైన సమస్యగా మారుతుంది.

దీనికి మినహాయింపు ఒకటే ఉంది. కనుబొమ కాక కనురెప్ప వాలి, కంటిపాపను కప్పుతున్నట్టు అనిపిస్తే 14 రోజులు ఆగకుండా డాక్టరుకు చూపించండి. దాని సంగతి 4వ దశలో వివరించాను.

2. ఈ 2 వారాల్లో చేయకూడని పనులు ఆపండి

లేచిన కనుబొమను వేలితో కిందికి నొక్కడం, దిగిన వైపు మర్దన చేయడం, ఐసు పెట్టడం, ఆవిరి పట్టడం వల్ల ప్రయోజనం ఏమీ లేదు. మందు ఒకసారి నరం చివరలో పనిచేయడం మొదలుపెట్టాక దాన్ని రుద్ది కదిలించలేము, మొదటి రోజున రుద్దితే మాత్రం పక్క కండరాలకు పాకే ప్రమాదం ఉంది. పార్లరులో ఫేషియల్, తలకు మసాజ్ వంటివి 2 వారాలు వాయిదా వేయండి. థ్రెడింగ్ కూడా ఈ సమయంలో వద్దనే చెబుతాను. ఆ చోట పడే ఒత్తిడి ఒక కారణమైతే, రెండో కారణం అంతకన్నా ముఖ్యమైనది: వంకర కనిపిస్తున్నప్పుడు వెంట్రుకలు తీసి సమానం చేయిస్తే, మందు సర్దుకున్నాక అసలు కనుబొమ ఆకారమే మారిపోయి కనిపిస్తుంది, ఆ వెంట్రుకలు తిరిగి పెరగడానికి వారాలు పడుతుంది.

3. సరిగా ఫొటోలు తీయించుకోండి

అద్దంలో చూసుకొని తీర్పు చెప్పుకోవద్దు. మనకు తెలియకుండానే అద్దం ముందు కనుబొమలు కాస్త ఎత్తుతాం. ముందు కెమెరాతో తీసుకునే సెల్ఫీ మరీ మోసం చేస్తుంది. దగ్గరి నుంచి తీయడం వల్ల ముఖం ఆకారం మారుతుంది, కొన్ని ఫోన్లలో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎడమ కనుబొమ లేచిందని చెప్పి, డాక్టరుకు పంపిన ఫొటోలో కుడిది లేచి కనిపించడం ఈ కారణంగానే జరుగుతుంది.

కిటికీకి ఎదురుగా కూర్చోండి. పక్క నుంచి వెలుతురు పడితే ఒక కనుబొమ కింద నీడ చేరి అది దిగినట్టు కనిపిస్తుంది. ఫోను మీ కళ్ల ఎత్తులో, దాదాపు 1 మీటరు దూరంలో ఉండాలి, తల అటూ ఇటూ వంచకూడదు, కళ్లద్దాలు తీసేయాలి, జుట్టు వెనక్కి దువ్వుకోవాలి. అయిదు ఫొటోలు తీయించండి: ముఖం తేలికగా వదిలి సూటిగా చూస్తూ ఒకటి, కనుబొమలు వీలైనంత ఎత్తి ఒకటి, కోపంగా బొమముడి వేసి ఒకటి, కళ్లు గట్టిగా మూసి ఒకటి, మామూలుగా నవ్వి ఒకటి. మొదటి ఫొటో తీసే ముందు కళ్లు మూసుకొని, నెమ్మదిగా ఊపిరి వదిలి, మెల్లగా కళ్లు తెరవండి. అప్పుడే నుదురు నిజంగా విశ్రాంతిలో ఉంటుంది. ఇవే అయిదు 7వ రోజున, 14వ రోజున అదే చోట, అదే వేళకు మళ్లీ తీయించండి. సాయంత్రం అలసటతో రెప్పలు బరువెక్కుతాయి కనుక ఉదయం తీయడం మేలు.

తరువాత స్కేలు తీసుకొని, కంటిపాప నడిమి నుంచి నిట్టనిలువుగా కనుబొమ పై అంచు వరకు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో రెండు వైపులా చూసి రాసుకోండి. స్కేలు కంటికి తగలకుండా చెంప మీద ఆనించి మరొకరు కొలవాలి. 1 లేదా 2 మిల్లీమీటర్ల తేడా చాలామందిలో పుట్టుకతోనే ఉంటుంది, దానికోసం సూది వేయించుకోవడం దండగ.

ఇప్పుడు పాత ఫొటోలను పక్కన పెట్టి చూడండి. ఇంజెక్షన్‌కు ముందు కూడా అదే కనుబొమ కాస్త పైన ఉండేదా? చాలామందికి అవుననే జవాబు వస్తుంది. తమ ముఖాన్ని ఇంత శ్రద్ధగా చూసుకున్నది ఇంజెక్షన్ తరువాతే కావడం దీనికి కారణం. పాత ఫొటో మరొక నిజం కూడా చెబుతుంది: లేచిన కనుబొమ తన చోటు వదిలి పైకి వెళ్లిందా, లేక అది తన చోటనే ఉండి రెండోది కిందికి వచ్చిందా అన్నది. ఇవి రెండూ పైకి ఒకేలా కనిపించినా సరిదిద్దే పద్ధతి పూర్తిగా వేరు.

4. మీది ఏ రకమో గుర్తించండి

తోక లేచిన కనుబొమ. కనుబొమ నడిమి నుంచి బయటి వైపు కోసుగా పైకి వంగి, ఎప్పుడూ ఏదో ప్రశ్నిస్తున్నట్టు లేదా కోపంగా ఉన్నట్టు కనిపిస్తుంది. కనుబొమలు ఎత్తిన ఫొటోలో నుదుటి మధ్య నున్నగా ఉండి, పక్కన తోక పైభాగంలో మాత్రం చిన్న చిన్న వంపు ముడతలు కనిపిస్తే ఇదేనని దాదాపు ఖాయం. ఒకవైపు మాత్రమే ఉండవచ్చు, రెండు వైపులా ఉండవచ్చు. అన్నిటికంటే తరచుగా కనిపించేది, అన్నిటికంటే సులభంగా సరి అయ్యేది ఇదే.

లోపలి కొన లేచిన కనుబొమ. ముక్కు వైపు కొనలు పైకి లేచి ముఖం దిగులుగా కనిపిస్తుంది. బొమముడి కండరాలు సడలి, వాటి పైన నుదుటి నడిమి భాగం పనిచేస్తూ ఉంటే ఇలా అవుతుంది. ఇది కాస్త అరుదు, దీన్నీ దించవచ్చు.

ఒక కనుబొమ దిగినది. పాత ఫొటోతో పోలిస్తే ఒక వైపు కనుబొమ కంటి మీదికి వచ్చి, రెప్ప పైన చర్మం మడత పడి, కాటుక పెట్టుకునేటప్పుడు ఆ వైపు చోటు తగ్గినట్టు తెలుస్తుంది. కనుబొమలు ఎత్తమంటే ఆ వైపు నుదురు అసలు కదలదు.

రెండూ దిగినవి. ఎగుడుదిగుడు తక్కువే అయినా నుదురు బరువుగా, చదివేటప్పుడు కళ్లు అలసినట్టుగా ఉంటుంది. వయసు 50 దాటినవారిలో, రెప్పల మీద చర్మం ముందే వదులైనవారిలో ఇది ఎక్కువ. వాళ్లు తమకు తెలియకుండానే రోజంతా నుదుటి కండరంతో కనుబొమలను ఎత్తి పట్టుకొని చూస్తుంటారు, ఆ కండరాన్ని సడలించగానే దాచి ఉంచిన బరువు బయటపడుతుంది. ఇంజెక్షన్‌కు ముందే డాక్టరు దీన్ని పరీక్షించి చెప్పవలసింది. చెప్పకుండా నుదుటికి పూర్తి మోతాదు వేయడాన్ని నేను సమర్థించలేను.

కనురెప్ప వాలినది. దీన్ని కనుబొమ దిగడంతో కలిపి చెప్పేవారు చాలామంది. తేడా తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. దిగినట్టున్న వైపు కనుబొమను వేలితో మెల్లగా పైకి ఎత్తి, దాని పాత చోటులో పట్టుకొని సూటిగా చూడండి. కన్ను మామూలుగా తెరుచుకొని రెండో కంటితో సమానమైతే దిగింది కనుబొమే. కనుబొమను ఎత్తి పట్టుకున్నా రెప్ప అంచు నల్లగుడ్డు మీదికి ఎక్కువగా వచ్చి ఉంటే రెప్పను ఎత్తే కండరానికి మందు పాకిందని అర్థం. అప్పుడు ఆ కంటిని తెరవడానికి మీరు శ్రమపడుతుంటే రెండు కనుబొమలూ, లేదా ఒకటి, పైకి లేచి ఉండవచ్చు. లేచిన కనుబొమను చూసి దాన్ని దించమని అడిగితే కంటి చూపుకు ఉన్న ఒక్క ఆసరా కూడా పోతుంది. అందుకే ఈ పరీక్ష చేయకుండా టచ్-అప్ అనే సరిదిద్దే ఇంజెక్షన్‌కు వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను.

5. డాక్టరును కలవండి

మొదట ఇంజెక్షన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లడం మంచిది. ఏ చోట ఎంత వేశారో వారికే తెలుస్తుంది, 2 వారాల తరువాత చూసి సరిదిద్దడం చాలామంది వైద్యుల మామూలు పద్ధతిలో భాగం. టచ్-అప్‌కు వేరే రుసుము ఉందో లేదో ఫోనులోనే అడిగి వెళ్లండి. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో నగరానికి వచ్చి చేయించుకునేవారు మొదటి రోజునే 15వ రోజు అపాయింట్‌మెంట్ తీసుకోవడం తెలివైన పని, ఈలోగా ఫొటోలు పంపి ప్రయాణం అవసరమో కాదో తెలుసుకోవచ్చు.

మొదట చేసింది డాక్టరు కాకపోతే, అంటే సెలూన్‌లోనో ఇంటికి వచ్చిన వ్యక్తి చేతనో చేయించుకొని ఉంటే, తిరిగి అక్కడికి వెళ్లవద్దు. చర్మవైద్యంలో ఎం.డి. లేదా డి.డి.వి.ఎల్. చేసినవారిని, లేదా ప్లాస్టిక్ సర్జన్‌ను కలవండి. వారి పేరు ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో నమోదై ఉండాలి, రిజిస్ట్రేషన్ నంబరు మందుల చీటీ మీద కనిపించాలి. ఏ డాక్టరును నమ్మాలో తేలనప్పుడు కింగ్ జార్జ్ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించుకొని సలహా తీసుకోవచ్చు. రెప్ప వాలిన వారికి మాత్రం కంటి వైద్యులే సరైనవారు. హనుమంతవాక దగ్గరి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఇందుకు అందుబాటులో ఉంది.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు చెప్పవలసినవి చెప్పండి: గర్భం, పాలివ్వడం, మయస్థీనియా వంటి కండరాల జబ్బు, గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), గుండె జబ్బు, బి.పి., ఇటీవల వాడిన యాంటీబయాటిక్‌లు. జెంటామైసిన్ జాతి మందులు బొటాక్స్ ప్రభావాన్ని పెంచుతాయి. తరువాత ఒకే ప్రశ్న సూటిగా అడగండి: "మీరు లేచినదాన్ని దించుతున్నారా, దిగినదాన్ని ఎత్తుతున్నారా?" ఈ ప్రశ్నకు వేలితో చోటు చూపించి జవాబు చెప్పగలిగిన డాక్టరు చేతిలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

6. సరిదిద్దే ఇంజెక్షన్ ఎలా ఉంటుంది

తోక లేచినప్పుడు, కనుబొమలు ఎత్తమని చెప్పి, నుదుటి మీద ముడత ఎక్కువగా పడే చోటు గుర్తించి, కనుబొమ కోసు పైన, ఎముక అంచుకు బాగా ఎగువన 1 లేదా 2 యూనిట్ల బొటాక్స్ వేస్తారు. మొదటి విడతలో నుదుటికి 20 యూనిట్ల వరకు వేసే మందులో ఇది చాలా చిన్న భాగం. వీలైతే 1 యూనిట్‌తోనే మొదలుపెట్టమని కోరండి, చాలకపోతే మళ్లీ 2 వారాలకు ఇంకొకటి వేయించుకోవచ్చు, ఎక్కువైతే తీయలేరు. రెప్పల మీద చర్మం వదులుగా ఉన్నవారికి ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. ఒక వైపే లేచి ఉంటే ఆ వైపే వేయాలి. "రెండు వైపులా వేస్తే సమానంగా ఉంటుంది" అని ఎవరైనా అంటే ఆలోచించుకొని ఒప్పుకోండి, ఎందుకంటే రెండూ సమానంగా దిగి తేడా అలాగే ఉండిపోవచ్చు. లోపలి కొన లేచినప్పుడు నుదుటి నడిమి భాగంలో ఇంతే చిన్న మోతాదు సరిపోతుంది.

కనుబొమ దిగినప్పుడు నుదుటికి మరొక చుక్క కూడా వేయించుకోవద్దు. ఆ వైపు తోక కింద, కంటి వలయ కండరపు బయటి పై భాగంలో కొద్ది యూనిట్లు వేసి, కిందికి లాగే బలాన్ని తగ్గించడం ఒక మార్గం. బొమముడి కండరాలకు ముందు వేసి ఉండకపోతే అక్కడ వేయడం కూడా కొంత తోడ్పడుతుంది. దీనివల్ల వచ్చే ఎత్తు 1 లేదా 2 మిల్లీమీటర్లే, అంతకు మించి ఆశించవద్దు. తేడా కొద్దిపాటిదైతే దిగని వైపును రవంత దించి సమానం చేయడమూ ఒక పద్ధతే, కానీ రెండు కళ్లూ బరువెక్కే అవకాశం ఉంటుంది కనుక దాన్ని నేను చివరి మార్గంగానే చూస్తాను. చాలామందికి వేచి ఉండడమే మంచి చికిత్స. ప్రభావం మొత్తం 3 నుంచి 4 నెలలు ఉంటుంది, బరువు అంతకన్నా ముందే కొద్దికొద్దిగా తేలికపడుతుంది.

కనురెప్ప వాలినప్పుడు ఇంజెక్షన్ కాదు, కంటి చుక్కలు. ఆప్రాక్లోనిడిన్ 0.5 శాతం చుక్కలు రెప్పలోని మరొక చిన్న కండరాన్ని పనిచేయించి రెప్పను 1 లేదా 2 మిల్లీమీటర్లు ఎత్తుతాయి. ఆక్సీమెటజోలిన్ 0.1 శాతం కంటి చుక్కలకు వాలిన రెప్పల కోసం అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది. ఇవి కంటి వైద్యులు రాసి ఇస్తేనే వాడాలి, ఎందుకంటే గ్లకోమా, గుండె జబ్బు, బి.పి. ఉన్నవారికి ఇవి సరిపడకపోవచ్చు. జలుబుకు ముక్కులో వేసుకునే కొన్ని చుక్కల మీద కూడా ఆక్సీమెటజోలిన్ అనే పేరు ఉంటుంది. పేరు ఒకటే కదా అని వాటిని ఎట్టి పరిస్థితిలోనూ కంట్లో వేసుకోవద్దు. చుక్కలు వేసుకున్న కొన్ని గంటలే రెప్ప లేచి ఉంటుంది, అసలు వాలు కొన్ని వారాల్లో తగ్గుతుంది. అంతవరకు చూపు అడ్డుపడుతుంటే బండి నడపవద్దు.

ముఖంలో గుంటలు, గీతలు నింపే ఫిల్లర్లను కరిగించే ఇంజెక్షన్ ఉన్నట్టే బొటాక్స్‌ను కరిగించేదీ ఉంటుందని చాలామంది అనుకుంటారు. హయలురోనిడేజ్ అనే ఆ మందు హయలురోనిక్ ఆమ్లపు ఫిల్లర్ల మీద పనిచేస్తుంది, బొటాక్స్ మీద పనిచేయదు. బొటాక్స్‌కు విరుగుడు ఇస్తామని చెప్పి డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

7. టచ్-అప్ తరువాత

మొదటి 4 గంటలు పడుకోవద్దు, ముందుకు వంగి ఎక్కువసేపు ఉండవద్దు, ఆ చోటు ముట్టుకోవద్దు. ఆ రోజుకు జిమ్, పరుగు, శీర్షాసనం వంటివి మానండి. బీచ్ రోడ్డులో మామూలు నడకకు అభ్యంతరం లేదు. మన నగరపు ఉక్కలో నుదుటి చెమటను జేబురుమాలుతో గట్టిగా రుద్ది తుడుచుకోవడం అందరికీ అలవాటే, ఆ రోజు మాత్రం మెత్తని గుడ్డతో అద్దుకోండి. హెల్మెట్ నుదుటిని బిగించి నొక్కుతుంది, అలాగని హెల్మెట్ లేకుండా ప్రయాణించడం ఎంతమాత్రం తగదు, కనుక గాజువాక నుంచి సిరిపురం వచ్చినా ఆ రోజు బండి ఇంట్లో పెట్టి ఆటోలోనో కారులోనో రండి. తలంటు, సింహాచలంలో నుదురు నేలకు ఆనించే సాష్టాంగ నమస్కారం మరునాటికి వాయిదా వేసుకోండి. కుంకుమ అదిమి పెట్టే బదులు ఒక రోజు స్టిక్కరు బొట్టు పెట్టుకోవచ్చు, అయితే సూది పడిన చోట కాకుండా చూసుకోండి.

8. ఫలితం చూసుకోండి

తోక లేచినదానికి వేసిన చిన్న మోతాదు కొద్ది రోజుల్లోనే పనిచేయడం మొదలుపెడుతుంది, కానీ లెక్కకు తీసుకోవలసింది మళ్లీ 14వ రోజునే. ఆ రోజు అవే అయిదు ఫొటోలు, అదే కొలత. విశ్రాంతిగా ఉన్న ఫొటోలో తేడా 2 మిల్లీమీటర్ల లోపు ఉండి, కనుబొమలు ఎత్తినప్పుడు తోక కోసుగా లేవకుండా ఉంటే పని పూర్తయినట్టే. ఎత్తినప్పుడు మాత్రమే కొద్దిగా తేడా కనిపించి, విశ్రాంతిలో సమానంగా ఉంటే దాన్ని వదిలేయండి. మీతో ఎదురుగా కూర్చొని మాట్లాడేవారెవరూ గుర్తించని తేడా కోసం మూడోసారి, నాలుగోసారి సూది వేయించుకుంటూ పోతే నుదురు మొత్తం దిగడమే జరుగుతుంది.

సరిదిద్దిన తరువాత కనుబొమ కిందికి దిగితే వెంటనే మరొక దిద్దుబాటు అడగవద్దు. మళ్లీ 4వ దశలోని వేలి పరీక్ష చేసి, ఫొటోలతో డాక్టరుకు చూపించి, వేచి ఉండండి.

9. వేచి ఉండవలసి వచ్చినప్పుడు

ముహూర్తం దగ్గరలో ఉంటే పెన్సిల్ సాయం తీసుకోవచ్చు. లేచిన కనుబొమ కోసు కింది అంచున సన్నగా గీసి, దిగిన కనుబొమ పై అంచున సన్నగా గీస్తే కంటికి తేడా తక్కువగా కనిపిస్తుంది. మేకప్ చేసేవారు పై వెంట్రుకలు తీసేస్తామంటే ఒప్పుకోవద్దు, ముందు చెప్పిన కారణమే. కళ్లద్దాలు వాడేవారికి పై ఫ్రేము కాస్త మందంగా ఉన్న జత బాగా కప్పుతుంది. ఫొటోగ్రాఫరుకు ముందుగా చెప్పి, ముఖం కొద్దిగా పక్కకు తిప్పిన కోణంలో తీయమని అడగడంలో సంకోచం అక్కరలేదు.

వచ్చేసారి వేయించుకునేటప్పుడు

రెండు పూర్తి విడతల మధ్య కనీసం 12 వారాలు ఉండాలి. వేడుక ఉంటే దానికి 6 వారాల ముందైనా వేయించుకోండి: 2 వారాలు ప్రభావానికి, 2 వారాలు టచ్-అప్‌కు, మిగిలినది నిదానానికి. ఈసారి తీసిన ఫొటోలు, కొలతలు, యూనిట్ల కాగితం, టచ్-అప్‌లో ఏ చోట ఎంత వేశారో ఆ వివరం అన్నీ ఒక కవరులో పెట్టి తీసుకువెళ్లండి. సూది వేసే ముందు కనుబొమలు ఎత్తి, బొమముడి వేసి, కళ్లు మూసి చూపించమని డాక్టరు మిమ్మల్ని అడగాలి. అడగకపోతే మీరే చేసి చూపించి, ఏ వైపు బలంగా ఉందో చెప్పండి. నుదుటికి మాత్రమే వేసి బొమముడి కండరాలను వదిలేయడం గురించి ప్రత్యేకంగా మాట్లాడండి, ఎందుకంటే ఎత్తే కండరం సడలి, దించే కండరాలు పూర్తి బలంతో ఉండిపోవడమే కనుబొమలు దిగడానికి పెద్ద కారణాల్లో ఒకటి. బొమముడి బయటి కొనల్లో వేసేటప్పుడు సూది కంటి పై ఎముక అంచుకు కనీసం 1 సెంటీమీటరు పైన ఉండాలన్నది మందు తయారీదారు సూచనల్లోనే ఉంది. నుదుటి కింది భాగంలో మందు తక్కువగా, పై భాగంలో అవసరమైనంతగా వేయమని, మీ తోక లేచే స్వభావం ముందే తెలిసింది కనుక మొదటి రోజునే పక్కల చిన్న మోతాదు చేర్చాలా అని అడగండి. సీసాను మీ ఎదుటే తెరిచి, పేరు, గడువు తేదీ, బ్యాచ్ నంబరు చూపించాక ఆ మూడింటినీ ఫోనులో ఫొటో తీసుకొని ఆ తరువాతే కుర్చీలో వెనక్కి వాలండి.